టాపెట్లు బిగించినా బుల్లెట్ టిక్ టిక్ ఎందుకు ఆగలేదు

తమ్ముడూ, నువ్వు రాసింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో. నాన్నగారి బుల్లెట్ 350, 1996 మోడల్, కాస్ట్ ఐరన్ ఇంజన్. మిర్యాలగూడ నుంచి హాలియాకు రోజూ తిప్పుతున్నావు. మార్చిలో ఆయిలు, ఫిల్టరు మార్పించిన కొద్ది రోజులకే హెడ్ (ఇంజన్ పైభాగం) దగ్గర టిక్ టిక్ మొదలైంది. ఒక మెకానిక్ టాపెట్లు (వాల్వ్‌లను తెరిచే కడ్డీల కింద ఉండే ముక్కలు) బిగించాడు, వారం పాటు తగ్గింది. తర్వాత చప్పుడు మళ్లీ వచ్చింది. పైగా ఇప్పుడు బండి వేడి మీద ఉంటే కిక్కు అందుకోవడం లేదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ అంటోంది. ఇంకో షెడ్డులో చూపిస్తే "బోర్‌కొచ్చింది, ఇంజన్ దించాలి" అన్నారు, అంటే సిలిండర్ లోపలి గోడ (బోర్) అరిగిపోయిందని. దించాలా వద్దా అని నీ ప్రశ్న. ఇంట్లో ఉన్న పాత స్ప్లెండర్‌కూ ఇలాంటి చప్పుడే ఉంది, దానికీ ఇదే పద్ధతా అని కూడా అడిగావు.

ఇంజన్ ఇప్పుడే దించకు. బోర్ పోయిందని చెప్పడానికి నువ్వు రాసిన దాంట్లో ఒక్క ఆధారం కూడా లేదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందని రాయలేదు, ఆయిల్ తాగుతోందని రాయలేదు, చల్లగా ఉన్నప్పుడు కిక్కు బాగానే అందుకుంటోంది. అయితే ఒక విషయం మాత్రం అర్జెంటు. ఆ టాపెట్లు సరిచూసే దాకా బండిని దూరం తిప్పకు. ఊళ్లో అవసరానికి ఒకటి రెండు కిలోమీటర్లు సరే, సాగర్ రోడ్డు మీద ఎండలో అరవై మీద లాగించడం మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

ఈ ఇంజన్ 70 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. కామ్‌లు, అంటే ఒకవైపు ముక్కుతో తిరిగే చక్రాలు, కింద కుడివైపు టైమింగ్ కవర్ లోపల ఉంటాయి, గాలి, పొగ దారులు తెరిచి మూసే వాల్వ్‌లు ఎక్కడో పైన హెడ్‌లో ఉంటాయి. కామ్ టాపెట్‌ను లేపుతుంది, టాపెట్ పొడవాటి పుష్‌రాడ్‌ను లేపుతుంది, పుష్‌రాడ్ రాకర్‌ను ఒక చివర ఎత్తితే రెండో చివర వాల్వ్‌ను నొక్కుతుంది. ఒక్కో వాల్వ్‌కు ఇన్ని అతుకులు, ప్రతి అతుకు దగ్గరా లోహం లోహాన్ని తాకుతుంది. అందుకే పాత బుల్లెట్ హెడ్ దగ్గర చెవి పెడితే కుట్టు మిషన్ నడిచినట్టు సన్నటి చప్పుడు ఉండి తీరుతుంది. అది రోగం కాదు. తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే) ఇంజన్లలో హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు, ఆయిల్ ఒత్తిడే భాగాల మధ్య ఖాళీని నింపుతుంది కాబట్టి అవి నిశ్శబ్దంగా ఉంటాయి. కొత్త బండి పక్కన పాత బండిని స్టార్ట్ చేసి "మనది చప్పుడు చేస్తోంది" అనుకుని షెడ్డుకు వచ్చేవాళ్లు చాలామంది. ఆ పోలికే తప్పు.

టాపెట్ చప్పుడు విని ఎవరూ భయపడక్కర్లేదు, చప్పుడు పూర్తిగా ఆగిపోయేలా బిగించిన టాపెట్‌ను చూసి మాత్రం భయపడాలి. నా ఉద్దేశంలో పాత బుల్లెట్ హెడ్లు ఎక్కువగా పాడయ్యేది ఈ ఒక్క కారణంతోనే. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల దరిదాపు వేడిలో పని చేస్తుంది. ఆ వేడి దిగిపోవడానికి దానికున్న పెద్ద దారి సీటు, అంటే మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే అంచు. మూసుకుని సీటుకు ఆనుకుని ఉన్నంతసేపూ వేడి హెడ్‌లోకి, అక్కణ్నుంచి ఇంజన్ చుట్టూ ఉండే రేకుల్లాంటి ఫిన్నులకు పోతుంది. పుష్‌రాడ్ బిగుసుకుపోయి ఉంటే వాల్వ్ వెంట్రుక మందం తెరుచుకునే ఉంటుంది. అప్పుడు వేడి దిగదు, మండుతున్న గ్యాసు ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వ్ అంచును కొరికేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. వేడెక్కాక వాల్వ్ కాండం సాగి సందు ఇంకా పెరుగుతుంది, కంప్రెషన్ పోతుంది, కిక్కు అందుకోదు. నువ్వు రాసిన "వేడి మీద స్టార్ట్ అవ్వట్లేదు" అన్న మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇంకో సంగతి గమనించు. ఖాళీ లేకుండా బిగించినా చప్పుడు తిరిగొచ్చిందంటే, ఆ చప్పుడు ఖాళీ వల్ల వచ్చేది కాకపోవచ్చు. మొదటి నుంచీ అసలు కారణం వేరే ఉండి, టాపెట్ మీద వేటు పడి ఉండొచ్చు. అందుకని ముందు టాపెట్లను ఉండాల్సిన చోటికి తెచ్చి, ఆ తర్వాత చప్పుడు వెతుకుదాం.

పని పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద చెయ్యాలి. మన దగ్గర చల్లారడం అనే మాటే జాగ్రత్తగా వాడాలి. మే నెలలో నల్గొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు మామూలు. మధ్యాహ్నం మూడింటికి ఎండలో నిలబెట్టిన బండి నాలుగు గంటలు ఆపి ఉంచినా చల్లని ఇంజన్ కాదు, ఆ ఐరన్ సిలిండర్ మీద చెయ్యి పెట్టలేవు. రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున్నే టీ తాగకముందు చెయ్యి. వేడికి సిలిండర్ పెరుగుతుంది, హెడ్ పెరుగుతుంది, పుష్‌రాడ్, వాల్వ్ కూడా పెరుగుతాయి. ఏది ఎంత పెరుగుతుందో చూసుకునే కంపెనీ చల్లని ఇంజన్‌కు సెట్టింగ్ ఇచ్చింది. షెడ్డుకు తోలుకెళ్లిన బండికి పది నిమిషాల్లో టాపెట్ సెట్ చేసి ఇచ్చారంటే ఆ సెట్టింగ్‌ను నమ్మకు.

బండిని సెంటర్ స్టాండ్ వేసి ప్లగ్ తీసెయ్. టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పు. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు అడ్డం పెడితే కంప్రెషన్ వచ్చేటప్పుడు గాలి వేలిని తోసేస్తుంది. అప్పుడు కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి రంధ్రంలో పెట్టి, పిస్టన్ దాన్ని పైకి నెట్టడం ఆగే చోట చక్రాన్ని ఆపు. స్పోకు ముక్కలు, స్క్రూడ్రైవర్లు లోపల పెట్టకు, అడ్డం తిరిగితే పిస్టన్ గీసుకుపోతుంది. ఇప్పుడు రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉన్నట్టు. కుడివైపు సిలిండర్ అడుగున ఉన్న టాపెట్ కవర్ చుట్టూ దుమ్మంతా బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే నట్టు విప్పు. లోపల ఇసుక రేణువు పడినా అది నేరుగా టాపెట్ దగ్గరికే పోతుంది.

కవర్ తీస్తే రెండు రాడ్ల అడుగు భాగాలు కనిపిస్తాయి. ఒక్కోదానికి మూడు పట్టులు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో లాక్ నట్టు. మందపాటి మామూలు పానాలు అక్కడ పట్టవు, బుల్లెట్ టాపెట్ పానాలని పలచటివి విడిగా అమ్ముతారు, అవి కొనుక్కో. ఏ పానా ముట్టుకోకముందు ఒక్క పని చెయ్యి. పుష్‌రాడ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తిప్పి చూడు. సులువుగా తిరగాలి. పైకీ కిందికీ కదిపితే కదలిక తెలియకూడదు. ఈ ఇంజన్‌కు సరైన సెట్టింగ్ ఇదే. దీనికి ఫిల్లర్ గేజ్ (ఖాళీ కొలిచే పలచటి రేకు) అక్కర్లేదు. నీ బండిలో ఒకటి తిరగడానికి మొండికేస్తుందని, లేదా అసలు తిరగదని నా అంచనా. ఎగ్జాస్ట్‌ది అయ్యుండే అవకాశం ఎక్కువ. ఎలా ఉందో ఒక కాగితం మీద రాసుకో, తర్వాత పనికొస్తుంది.

లాక్ నట్టు వదులు చేసి, రాడ్ వేళ్ల మధ్య హాయిగా తిరిగేదాకా సడలించు. తర్వాత పైకీ కిందికీ ఆట తెలిసే చోటికి వచ్చి, అక్కణ్నుంచి ఆట పోయేంత మేరకు మాత్రమే వెనక్కి తీసుకురా. చాలామంది తప్పు చేసేది ఆఖరి అడుగులో. లాక్ నట్టు బిగించేటప్పుడు సెట్టింగ్ కొంచెం జరుగుతుంది. బిగించాక మళ్లీ వేళ్లతో తిప్పి చూడాలి. మారి ఉంటే మళ్లీ మొదటి నుంచి. చక్రం తిప్పి ఇంజన్‌ను కొన్ని చుట్లు తిరగనిచ్చి, మళ్లీ కంప్రెషన్ దగ్గర ఆపి ఇంకోసారి చూడు. రోజూ ఎండలో దూరం వెళ్లే బండికి నేనైతే ఎగ్జాస్ట్ రాడ్‌ను ఇన్లెట్ (గాలి లోపలికి తెచ్చే వాల్వ్) రాడ్ కన్నా ఒక పిసరు వదులుగానే ఉంచుతాను. కాస్త చప్పుడు వచ్చినా సరే, వాల్వ్ కాలదు.

వేళ్లతో తిప్పేటప్పుడు ఇంకొకటి గమనించాలి. రాడ్ ఒక చోట సులువుగా తిరిగి, అర చుట్టు తిరిగాక పట్టేసి, మళ్లీ వదిలితే అది వంగిన రాడ్ కావచ్చు, లేదా కప్పు ఒకవైపు అరిగి ఉండొచ్చు. అలాంటి రాడ్‌ను ఎంత సెట్ చేసినా నిలవదు, ఎందుకంటే నడిచేటప్పుడు రాడ్ తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు చప్పుడు, ఇంకోరోజు నిశ్శబ్దం అనే బండ్లలో చాలావాటి కథ ఇదే. రాడ్ బయటికి తీసినప్పుడు అద్దం ముక్క మీద దొర్లిస్తే వంకర వెంటనే బయటపడుతుంది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. సెట్ చేసిన తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టు. ఓ ఐదారు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చల్లని ఇంజన్ మీద చూడు. ఖాళీ పెరిగి రాడ్ పైకీ కిందికీ ఆడుతుంటే ఎక్కడో లోహం అరుగుతోంది. టాపెట్ పాదం, కామ్ ముక్కు, రాకర్ చివర, వీటిలో ఏదో ఒకదాని గట్టి పొర పోయింది. ఆయిల్ తీసినప్పుడు ఒక అయస్కాంతం ముంచి చూడు, మెరిసే ఇనుప రజను పట్టుకుంటే అనుమానం తీరిపోతుంది. దీనికి భిన్నంగా ఖాళీ తగ్గి రాడ్ బిగుసుకుంటుంటే వాల్వ్ సీటులోకి దిగిపోతోంది, లేదా వాల్వ్ సాగుతోంది. అప్పుడు హెడ్ దించక తప్పదు. చప్పుడు ఎంత పెద్దదన్న దానికన్నా ఖాళీ ఎటువైపు నడుస్తోందన్నదే ఈ ఇంజన్ గురించి ఎక్కువ నిజం చెప్తుంది. అయినా దాన్ని రాసిపెట్టుకునేవాళ్లు చాలా తక్కువ.

టాపెట్లు సరిచేశాక బోర్ సంగతి తేల్చు. దీనికి ఖర్చు లేదు. ప్లగ్ బిగించి, ఇగ్నిషన్ ఆపేసి, కిక్కును కంప్రెషన్ దాకా మెల్లగా తొక్కి, బరువంతా దాని మీద వేసి నిలబడు. ఆరోగ్యంగా ఉన్న బుల్లెట్ నిన్ను కాసేపు మోస్తుంది. మెల్లమెల్లగా జారిపోతుంటే గాలి ఎక్కడినుంచి పోతోందో చెవి పెట్టి విను, నీ పక్కన ఇంకొకరు ఉంటే మంచిది. కార్బురేటర్ మూతి దగ్గర సుయ్ అంటే ఇన్లెట్ వాల్వ్. సైలెన్సర్ చివర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ వినిపిస్తే పిస్టన్ రింగులు, బోర్. ఆ తర్వాత ప్లగ్ రంధ్రంలో ఓ చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, కిక్కు కొన్నిసార్లు ఆడించి, మళ్లీ అదే పరీక్ష చెయ్యి. ఆయిల్ పోశాక కిక్కు గట్టిపడితే రింగులు, బోర్ అరిగిన మాట నిజం, ఎందుకంటే ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. ఏమీ మారకపోతే లీకు వాల్వ్‌ల దగ్గరే ఉంది, బోర్ ముట్టుకోనక్కర్లేదు. "బోర్‌కొచ్చింది" అన్న షెడ్డులో ఈ పరీక్ష చేశారా అని అడుగు. చెయ్యకుండా చెప్పిన మాట మీద సిలిండర్ కోయించకు. ఒకసారి కోసిన సిలిండర్‌ను మళ్లీ వెనక్కి తెచ్చుకోలేవు.

కిక్కు తేలిగ్గా తిరగడానికి సిలిండర్ ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివర్ తీగను కూడా చూడు. లివర్ వదిలినప్పుడు తీగకు కొంచెం ఆట ఉండాలి. తీగ బిగుతుగా ఉంటే హెడ్‌లోని ఆ చిన్న వాల్వ్ పూర్తిగా మూసుకోక, కంప్రెషన్ పోవడంతో పాటు టాపెట్‌ను తలపించే టిక్ టిక్ కూడా వస్తుంది.

ఇక అసలు చప్పుడు. అది ఆయిల్, ఫిల్టర్ మార్చిన వెంటనే మొదలైందని రాశావు చూడు, నేనైతే అక్కడే మొదలుపెడతాను. ఈ ఇంజన్‌లో రాకర్లకు ఆయిల్ బయటి నుంచి, సన్నటి పైపు ద్వారా వెళ్తుంది. కుడివైపు కింది నుంచి పైకి పోయి రెండు రాకర్ బాక్సుల దగ్గర బాంజో బోల్టులతో (ఆయిల్ పోవడానికి లోపల బోలుగా ఉండేవి) కలుస్తుంది. ఆ బోల్టుల్లో రంధ్రం చాలా చిన్నది. పాత గాస్కెట్ ముక్క, బురద, ఎవరో గ్యాస్కెట్‌కు దట్టంగా రాసిన సిలికాన్ పేస్టు, ఏది వచ్చి అడ్డం పడినా రాకర్ పొడిగా ఆడుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు స్ప్రింగు, వాషర్ల వరస తప్పినా, ఫిల్టర్ గదిలో ఆయిల్ నింపకుండా మూసేసి గాలి పట్టినా పైకి ఆయిల్ సరిగా అందదు. పరీక్ష సులువు. ఇంజన్ స్టార్ట్ చేసి స్లోలో పెట్టి, రాకర్ బాక్సు దగ్గరి బాంజో బోల్టును పావు చుట్టు వదులు చెయ్యి. నిమిషంలోపు ఆయిల్ చెమ్మ కనిపించి కారడం మొదలవ్వాలి. రెండింటి దగ్గరా విడివిడిగా చూడు. పొడిగా ఉంటే వెంటనే ఇంజన్ ఆపెయ్, బోల్టులు తీసి కిరోసిన్‌తో కడిగి, రంధ్రాల్లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడు, పైపును గాలి కొట్టించు. తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి వెయ్యి. బోల్టును బలమంతా పెట్టి బిగించకు, అది బోలుగా ఉంటుంది కాబట్టి తెగిపోతుంది.

పోసిన ఆయిల్ ఏదో కూడా కనుక్కో. ఈ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిల్ పొయ్యాలి. స్కూటర్లకు, వంద సీసీ బండ్లకు వాడే 10డబ్ల్యూ-30 పోస్తే మన ఎండలకు అది మరీ పల్చబడి, ప్రతి అతుకు దగ్గరా చప్పుడు పెరుగుతుంది. చాలా షెడ్లలో ఒకే డబ్బా నుంచి అన్ని బండ్లకూ పోసేస్తారు. నువ్వు తిరిగేది రైసు మిల్లుల మధ్య కాబట్టి ఇంకో మాట. అక్కడ గాలిలో ఉండే ఊక దుమ్ము, సిలిండర్ మీద చెమ్మగా ఉన్న ఆయిల్‌కు అతుక్కుని ఫిన్నుల మధ్య గట్టిగా పేరుకుంటుంది. బయటికి మట్టిలాగే కనిపిస్తుంది, కానీ ఇంజన్‌కు దుప్పటి కప్పినంత పని చేస్తుంది. పుల్లతో గీకి, డీజిల్ బ్రష్‌తో కడిగెయ్. ఎయిర్ ఫిల్టర్ కూడా అక్కడి దుమ్ముకు మామూలు కన్నా త్వరగా నిండుతుంది. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత కార్బురేటర్‌లో దానివల్ల మిశ్రమం కొంచెం పల్చనవుతుంది. ప్లగ్ మొన తెల్లగా కనిపిస్తే కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్టు మార్పించు. వేడి తగ్గించే ప్రతి పనీ ఎగ్జాస్ట్ వాల్వ్ ఆయుష్షు పెంచుతుంది.

ఆయిల్ అందుతోంది, టాపెట్లు సరిగ్గా ఉన్నాయి, అయినా చప్పుడు ఉందంటే అప్పుడు చెవికి పని చెప్పు. ముందు సైలెన్సర్ దెబ్బను విను. బుల్లెట్ స్లోలో నిమిషానికి 900 చుట్లు తిరిగితే సైలెన్సర్ ఫట్ ఫట్‌లు 450 పడతాయి. కామ్ కూడా ఇంజన్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది. కాబట్టి ఫట్‌కు ఒక టిక్ చొప్పున జంటగా నడిచే చప్పుడు వాల్వ్‌ల వైపుదని, ఫట్‌కు రెండు చొప్పున పడేది కింద క్రాంకు వైపుదని అనుకోవచ్చు. పిస్టన్ చప్పుడు ఈ లెక్కను కాస్త తికమక పెడుతుంది, ఎందుకంటే పేలుడు దెబ్బకు అది ఫట్‌తో పాటే గట్టిగా పడుతుంది. దాన్ని వేడితో పట్టుకోవాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టక టక గట్టిగా ఉండి, నాలుగు కిలోమీటర్లు పోయేసరికి సన్నబడితే పిస్టన్. రాకర్ల చప్పుడు వేడెక్కే కొద్దీ తేలిగ్గా వినిపిస్తుంది.

పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి కింది ఎముకకు అదుముకో. కార్బురేటర్ వైపున్న రాకర్ బాక్సు మీద ఒకసారి, సైలెన్సర్ వైపుది ఒకసారి, తర్వాత టాపెట్ కవర్, టైమింగ్ కవర్, చివరికి ఎడమవైపు ప్రైమరీ చైన్ (ఇంజన్ నుంచి క్లచ్‌కు బలం చేర్చేది) కవర్. చప్పుడు ఎక్కడ పదునుగా వస్తే మూలం దాని దగ్గరలోనే. ఎడమవైపు గట్టిగా ఉండి, క్లచ్ నొక్కితే మారుతుంటే ప్రైమరీ చైన్ వదులైంది. ఆ చప్పుడుకు హెడ్ విప్పిన బండ్లు ఉన్నాయి. ఎక్కుడు మీద యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడే కట కటమని, స్లోలో లేకపోతే అది ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగి కొట్టడం. ప్లగ్ నిప్పు ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్లు చూపించు. కొందరు యమహా ఆర్ఎక్స్ 100కూ టాపెట్ సౌండ్ అంటారు కానీ టూ స్ట్రోక్ బండిలో టాపెట్లే ఉండవు, అక్కడ వెతకాల్సింది పిస్టన్, దాన్ని కనెక్టింగ్ రాడ్‌తో కలిపే గడ్జిన్ పిన్ను దగ్గర.

నీ బండిలో నేను ప్రత్యేకంగా అనుమానించేది సైలెన్సర్ బెండ్ పైపు హెడ్‌లోకి దూరే చోటు. అక్కడ లీకుంటే వచ్చే చప్పుడు టాపెట్ చప్పుడుకు కవల పిల్లలా ఉంటుంది, పైగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చుకుని సైలెన్సర్‌లో టప్ టప్ అంటుంది. నువ్వు రాసిన రెండు లక్షణాలూ దీనికి సరిపోతాయి. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, సబ్బు నీళ్లు ఆ అతుకు చుట్టూ రాయి. ప్రతి ఫట్‌కూ బుడగ లేస్తే దొరికినట్టే. చుట్టూ నల్లటి మసి మరక కూడా సాక్ష్యమే. హెడ్‌కూ సిలిండర్‌కూ మధ్య కూడా రాసి చూడు.

ఇవన్నీ అయ్యాక కూడా చప్పుడు రాకర్ బాక్సులోంచే వస్తుంటే మూతలు తియ్యి. ఇంజన్ దించాల్సిన పని లేదు, ట్యాంకు తీస్తే చాలు. రాకర్‌ను పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందికీ కదిలించు. తిరగడం తప్ప ఇంకే కదలిక గట్టిగా తెలిసినా బేరింగు బ్లాకులు అరిగాయి. ఆయిల్ అందకుండా నడిచిన బండిలో మొదట దెబ్బ తినేవి అవే, లోపల గీతలు, నీలం రంగు కనిపిస్తాయి. వాల్వ్ కాండం కొసను తాకే రాకర్ చివర గుంట పడిందా చూడు. వాల్వ్ స్ప్రింగుల చుట్టూ ముక్కలేమైనా ఉన్నాయా చూడు, రెండు స్ప్రింగుల్లో ఒకటి విరిగినా రెండోదాని మీద బండి నడుస్తూనే ఉంటుంది, చప్పుడు మాత్రం చేస్తుంది. బేరింగు బ్లాకులు ఏ జత ఆ జతే వెయ్యాలి, పైదీ కిందిదీ కలగలపొద్దు. తీసేటప్పుడే గుర్తు పెట్టుకో.

కిక్కు పరీక్షలో గాలి సైలెన్సర్ వైపు పోతోందని తేలితే హెడ్ ఒక్కటే దించి లేత్ షాపుకు తీసుకెళ్లు. మాడిన వాల్వ్ అంచున చిన్న కొరుకుడు, లేదా ఒకచోట తెల్లబడిన చార కనిపిస్తుంది. అలాంటి వాల్వ్‌ను పేస్టు వేసి రుద్దితే నిలవదు, కొత్తది వెయ్యాలి. గైడ్ (వాల్వ్ కాండం జారే గొట్టం) అరిగి ఉంటే వాల్వ్ ఊగుతుంది, ముందు గైడ్ మార్చి ఆ తర్వాతే సీటు కోయించాలి. వరస తిరగబడితే సీటు మధ్యలో పడదు. పని అయ్యాక పోర్టులో పెట్రోల్ పోసి వాల్వ్ దగ్గర కారుతోందా లేదా నీ కళ్లతో చూసుకునే డబ్బులు ఇవ్వు.

స్ప్లెండర్ గురించి. అది వేరే ఇంజన్, కామ్ హెడ్‌లోనే ఉంటుంది, పుష్‌రాడ్లు లేవు. పాత 100 సీసీ హీరో హోండాలకు చల్లని ఇంజన్ మీద రెండు వాల్వ్‌లకూ 0.05 మిల్లీమీటర్ల ఖాళీ. దీనికి ఫిల్లర్ గేజ్ కావాల్సిందే, వేళ్ల అంచనా పనికిరాదు. ఎడమవైపు కవర్‌లోని మూతలు తీసి, ఫ్లైవీల్ మీది టీ గుర్తు గీతకు వచ్చేలా తిప్పి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నాయని చూసుకుని సెట్ చెయ్యాలి. గేజ్ సరిగ్గా దూరుతున్నా చప్పుడు పోలేదంటే రాకర్ కొస గుంట పడి ఉండొచ్చు. గేజ్ రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడి, ఉన్న ఖాళీ కన్నా తక్కువ చూపిస్తుంది. ఈ బండ్లలో ఉండేది లీటరుకు అటూ ఇటూ ఆయిలే కాబట్టి, కొంచెం తగ్గినా ముందు ఎండిపోయేది పైనున్న కామ్. చప్పుడు టిక్ టిక్‌లా కాకుండా గరగరమంటూ, ముఖ్యంగా స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వస్తుంటే అది కామ్ చైన్. అలాంటప్పుడు టాపెట్ మూతలు తీయకుండా ముందు చైన్ అడ్జస్టర్ చూపించు.

బుల్లెట్ విషయంలో మాత్రం పుష్‌రాడ్లు వేళ్లకు ఎలా తగిలాయో, బాంజో దగ్గర ఆయిల్ వచ్చిందో లేదో, కిక్కు మీద నిలబడితే గాలి ఎటు పోయిందో, ఈ మూడూ రాసి పంపు. కొత్త సామాను ఏదీ అప్పటిదాకా కొనకు.